నల్ల గ్లౌజుల చేతులు

"సంతకం పెట్టు తల్లీ, నీకే మంచిది" అంటూ రాఘవయ్య కాగితాన్ని ఎలీషబా ముందుకు జరిపినాడు. ఆ పిల్ల పెన్ను పట్టుకోనే ఉంది. సరిగ్గా అప్పుడే నేను షెడ్డు వరండా ఎక్కినాను. ఒక్క నిమిషం ఆలస్యమైంటే ఈ కేసు ఆడికే అయిపోయేది.

కాగితం లాక్కొని చదివినాను. "మంగళవారం పదకొండు గంటల ప్రాంతంలో సావుకారు లక్ష్మీనరసయ్య గారు నన్ను మందలించగా, కోపం పట్టలేక పలకచెక్కతో ఆయన తల మీద కొట్టితిని" అని చక్కగా టైపు చేసి ఉంది.

"ఇది ఎవరు రాసినారు సార్?"

"నేనే. ఆ పిల్లకు టైపింగు రాదు గదా" అని నవ్వినాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఆయన చేతిలోనే పెట్టినాను.

ఈ రాఘవయ్య సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనాడు. ఆయన కింద నేను ఆరేళ్లు హెడ్ కానిస్టేబులుగా చేసినాను. నేను పట్టిన దొంగల పక్కన ఆయన ఫొటోలు దిగినాడు. ఇప్పుడు ఆయనకు ఒంగోలులో ఏసీ ఆఫీసు, డిటెక్టివ్ ఏజెన్సీ అని అద్దాల బోర్డు. ఈ కేసుకు సావుకారు ఇంటోళ్లు ఆయన్ను పెట్టుకున్నారు. నాకు మార్కాపురం బస్టాండు వెనక టైలరు దుకాణం మీద ఒక్క గది. బోర్డు గూడ లేదు. నాగమల్లేశ్వరి అంటే ఎవరైనా చూపిస్తారు.

"మల్లేశ్వరీ, నీ దూకుడు తగ్గలా. సాయంత్రం ఐదుకు ఎస్సై వచ్చి ఈ పిల్లను తీసుకుపోతుంది. ఒప్పుకుంటే శిక్షన్నా తగ్గుతుందని నేను సాయం చేస్తా ఉంటే..."

"మీ సాయం నాకు తెలుసు సార్. కొంచెం పక్కకు కూసోండి."

టైం రెండున్నర. నా చేతిలో ఉన్నది రెండున్నర గంటలు.

ముందురోజు నన్ను పిలవడానికి వచ్చింది ఎలీషబా నాయన ఆశీర్వాదం. ఇరవై ఎనిమిదేళ్లు పలకలు కోసి ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే నింపుకున్న మనిషి. నా గదికి పదమూడు మెట్లు. ఎక్కేలోపల మూడుసార్లు కూర్చున్నాడు. "నా బిడ్డ చీమను గూడ తొక్కదమ్మా" అని ఒక్క మాట చెప్పి, దగ్గుతా దగ్గుతా దిగి పోయినాడు. ఆ దగ్గు వింటా ఉంటే ఎవరి మీదనో తెలియకుండానే కోపం వచ్చింది. ఇప్పుడు ఎవరి మీదనో తెలిసింది.

జరిగింది ఇది. లక్ష్మీనరసయ్యది ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీ. పిల్లోళ్లు పలకలు మానేసినాక షెడ్డు మూతపడింది. గిద్దలూరులో ఉండే ఆయన తమ్ముడి కొడుకు చంద్రశేఖరరావు బెంగళూరులో చదువుకొని వచ్చి కొత్త యాపారం పెట్టించినాడు. టేబుల్ మీద పెట్టుకొని ఆడే యుద్ధాలాటలకు బొమ్మలు. రాక్షసులు, మంత్రగత్తెలు, రెక్కల పాములు, అన్నీ బొటనవేలంత. బూడిదరంగు బొమ్మలు వస్తయి, వాటికి రంగులు వేసి పంపాల. ఆటకు కావల్సిన కొండలు, కోటలు, గుహలు పనికిరాని పలకముక్కలతో కడతారు. మనం రోడ్డు పక్కన పారబోసే పలకముక్కలను బయటిదేశాలోళ్లు కళ్లకద్దుకుంటా ఉన్నారు. చంద్రశేఖరరావు పెద్ద కళాకారుడని ఇంటర్నెట్టులో పేరు. ఎలీషబా ఆయన దగ్గర హెల్పరు.

మంగళవారం మిగతా ఆడపిల్లలు నలుగురూ కంభంలో పెళ్లికి పోయినారు. షెడ్డులో సావుకారూ ఎలీషబా ఇద్దరే. పదకొండూ యాభైకి ఆయన ముందు గదిలో రక్తం మడుగులో పడున్నాడు. మొదట చూసింది ఎలీషబా, అరిచిందీ ఎలీషబానే. అందుకని కొట్టింది గూడ ఎలీషబానే అయింది. ముసలాయన ఒంగోలు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

ఎలీషబా పక్కన అరుగు మీద కూసున్నాను. ఇరవై ఆరేళ్ల పిల్ల. కళ్లు వాచిపోయి ఉన్నయి.

"ఏడవబాకు. నాకు టైములు చెప్పు."

"పదీ పావుకు బల్ల కాడ కూసున్నా పిన్నీ. నల్ల గ్లౌజులు తొడుక్కున్నా. పదిన్నరకు కెమెరా మీద ఎర్ర లైటు ఎలిగింది, పని మొదలు పెట్టినా."

"ఏం కెమెరా?"

"నెత్తి మీద ఉంటది. చేతులు మాత్రమే పడతయి. లైటు ఎలిగినప్పటి నించి ఆరిందాంక లేయగూడదు, తల వంచగూడదు, జుట్టు పడుద్దని శేఖరన్న తిడతాడు. రికార్డు చేసి కొనేటోళ్లకు పంపిస్తాడంట."

"గ్లౌజులు ఎందుకు?"

"శుభ్రంగా ఉంటదని ఆయనే కొనిచ్చినాడు."

"లైటు ఎప్పుడు ఆరింది?"

"పదకొండూ ముక్కాలుకు. గ్లౌజులు తీసి, బ్రష్షులు కడిగి, నీళ్లు తాగుదామని తలుపు తీస్తే..." ఆ పిల్ల ముందు గది వైపు చూసింది. "తాత పడున్నాడు పిన్నీ. చెయ్యి పట్టుకుంటే ఇంకా ఎచ్చగా ఉండింది."

"మధ్యలో అరుపు, చప్పుడు ఏమీ ఇనపడలా?"

"గోడకు అవతల పక్క షెడ్డోళ్ల పాలిష్ మిషను తిరగతా ఉంటది. తలుపేసుకుంటే ముందు గది మాటలు ఇనపడవు."

రాఘవయ్య కుర్చీలోంచే అందుకున్నాడు. "పోలీసోళ్లు ఆ పొద్దే కెమెరా పెట్టె తెరిచి చూసినారు. మంగళవారం రికార్డింగు అనేదే లేదు. అబద్ధమాడినా అతికినట్టు ఆడాల."

ఎలీషబా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "లైటు ఎలిగింది పిన్నీ. నా బైబిలు మీద ఒట్టు."

మూడింటికి జీపు వచ్చింది. ఎస్సై రాజ్యలక్ష్మి దిగింది. చిన్న వయసు, మాట తక్కువ. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి తానే వేసిన సీలు తానే తీసింది. తాళంచెవి స్టేషన్ బీరువాలో తప్ప ఇంకో చోట లేదు.

"అక్కా, మీరడిగినారని తెరుస్తున్నా. ఐదు దాటితే నా చేతిలో ఏమీ ఉండదు" అనింది.

ముందు గదిలో నేల మీద సుద్దగీత, దాని పక్కన ఎండిన రక్తం. గోడవార కోసిన పలకరాతి చెక్కల దొంతి, రెండొందలకు తక్కువ ఉండవు. కొట్టిన చెక్క ఆ దొంతిలోదే.

"దాని మీద ఈ పిల్ల వేలిముద్రలు ఐదుకు ఐదూ ఉన్నయి" అన్నాడు రాఘవయ్య, పరీక్ష పాసైనవాడి మాదిరి.

"మిగతా చెక్కల మీద ముద్రలు తీసినారా?"

"వాటితో ఏం పని?"

"ఈ దొంతి పేర్చింది ఎవరు సార్? రోజూ ఏరుకునేది ఎవరు? అన్నిటి మీదా ఆ పిల్లవే ఉంటయి. వంటమనిషి వేలిముద్రలు గరిటె మీద దొరికినయని కేసు పెడతారా?"

ఎస్సై నోటుబుక్కులో ఏదో రాసుకుంది. అది చూసి రాఘవయ్య గొంతు పెంచినాడు.

"కొట్టిన చెక్క మీద ఉన్నయా లేవా, అంతవరకే చెప్పు."

"ఉన్నయి. ఆ పొద్దు పదీ పావు నించి చేతులకు గ్లౌజులు ఉన్నయని ఆ పిల్ల చెప్తా ఉంది. మీరేమో కోపం పట్టలేక కొట్టింది అని టైపు చేసినారు. అంటే కోపం పట్టలేనామె ముందు నిదానంగా గ్లౌజులు విప్పి, పక్కన పెట్టి, తర్వాత కొట్టిందా?"

ఎస్సై వెంట వచ్చిన కానిస్టేబుల్ ఒకాయన మొహం తిప్పుకొని నవ్వు ఆపుకున్నాడు.

వెనక గదిలోకి పోయినాం. బల్ల మీద కెమెరా స్టాండు, రంగుల సీసాలు, వెంట్రుకంత మొనలున్న బ్రష్షులు. ఒక్కో బొమ్మను ఖాళీ మందుసీసా మూత మీద అంటించి పెట్టుకుంది, చేతికి రంగు అంటకుండా తిప్పుకోడానికి. సుమారు నలభై ఉన్నయి. గది మధ్యలో ఇంకో బల్ల నిండా కొండ. అబ్బ! పలకముక్కలు పొరలు పొరలుగా పేర్చి, వాగు, గుహ, ఇరుకు దోవ అన్నీ పెట్టి, నల్లమలను మంచమంత చేసి తెచ్చినట్టుంది. ఆదివారం బెంగళూరులో ఎగ్జిబిషనుకు పోవాల్సిన కొండ అది.

ఎలీషబాను తలుపు కాడ నిలబెట్టినారు. ఆ పిల్ల చూపు నేరుగా కొండ అంచున ఊడిన ఒక ముక్క మీద పడింది. ఉండబట్టలేక వచ్చి, కిందపడున్న ఇంకో పలకముక్క తీసుకొని, వేలు మడిచి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి కాడ పెట్టుకుంది. తల అడ్డంగా ఊపి దాన్ని పక్కన పడేసి వేరేది తీసుకుంది. మళ్లీ టక్ టక్.

"ఏమ్మా, ఎందుకట్ల కొడతావు?"

అరెస్టు కాబోయే పిల్ల ఆ సంగతే మరిచిపోయి చెప్పింది. "లోపల కంటికి కనపడని పగులుంటే చప్పుడు డొల్లగా వస్తది పిన్నీ. అది అతికించినా రెండు నెలలకు చీలిపోద్ది. మంచిదైతే కంచు మాదిరి మోగుద్ది. మా నాయన నేర్పినాడు. పలకలోళ్లు ఎవరైనా కొట్టి చూడందే ముక్క వాడరు. చెయ్యి దానంతటదే పోద్ది."

మూడూ నలభైకి చంద్రశేఖరరావు కారు వచ్చింది. నల్ల టీషర్టు, చేతిలో రెండు ఫోన్లు. రావడంతోనే కొండ కాడికి పోయి "ఎవరూ ముట్టుకోవద్దండీ, ఇది నా ఆరునెలల కష్టం" అన్నాడు. ఎలీషబా తల వంచుకుంది. ఆ వంచుకోవడం చూసినాక నాకు ఆ మనిషి మాట ఒక్కటి గూడ నమ్మబుద్ధి కాలా.

"నీ కష్టమా నాయనా? మరి ఈ పిల్ల ఏం చేస్తది?"

"ఎలీషబానా? రంగులు కలపడం, ప్యాకింగు. మొదటి పూత వేస్తుంది, అంతే. మొహాలు, కళ్లు, సన్నపని అంతా నాది పిన్నీ. పెదనాయన ఆమెను సొంత మనవరాలి మాదిరి చూసినాడు. ఇట్ల చేస్తదని కలలో గూడ అనుకోలా."

"మంగళవారం నువ్వు యాడున్నావు?"

ఆ ప్రశ్న కోసమే కాచుకోనుండినట్టు రాఘవయ్య ముందుకొచ్చినాడు. "గిద్దలూరులో, ఇంట్లో. పదిన్నర నించి పదకొండూ ముక్కాలు దాకా ఇంటర్నెట్టులో లైవు. బొమ్మకు రంగు వేస్తా మాట్లాడినాడు. నాలుగువేలమంది చూసినారు. పన్నెండూ ఐదుకు ఫోన్ పోయింది, ఒకటీ యాభైకి ఈడికి చేరినాడు. గిద్దలూరు నించి గంటా ముక్కాలు పడుతుంది, సరిగ్గా సరిపోయింది. ఇంకేం కావాల?"

"ఫోన్ ఏ టవర్ కింద ఉందో అడిగినారా?"

"లైవులో కనపడతా ఉంటే టవర్ ఎందుకు?"

"ఆ లైవు మీరు చూసినారా?"

"మొదలు చూసినా, చివర చూసినా. గంటా పావు ఇంగ్లీషు ఎవరు వింటారు?"

ఒక మనిషి ప్రాణం ఆసుపత్రిలో, ఒక పిల్ల బతుకు జైలు గుమ్మంలో. ఈయన మొదలు, చివర చూసినాడంట. పళ్లు కొరుక్కుంటా నా ఫోనులోనే ఆ వీడియో పెట్టుకొని కూసున్నాను.

తెర నిండా రెండు చేతులే. నల్ల గ్లౌజులు. వెనక సంగీతం. దాని మీద చంద్రశేఖరరావు గొంతు, ఇంగ్లీషులో. మందుసీసా మూత మీద ఒక ముసలి మంత్రగత్తె. ఆరో నిమిషంలో ఆ చేతులు బొమ్మ కాళ్ల కింద పెట్టడానికి ఒక పలకముక్క తీసుకున్నయి. కుడిచేతి వేలు మడిచి కణుపుతో రెండుసార్లు కొట్టి, ముక్కను తెర పైకి, చెవి ఉండే చోటికి ఎత్తినయి. కిందికి దించి పక్కన పడేసినయి. ఇంకోటి తీసుకొని మళ్లీ రెండుసార్లు కొట్టినయి.

నేను లేచి, కొండ పక్కనున్న పలకముక్క ఒకటీ గమ్ము ట్యూబూ తీసి చంద్రశేఖరరావు చేతిలో పెట్టినాను.

"ఆ అంచు ఊడిపోయింది నాయనా. నీ కొండే గదా, అతికించు."

"ఇప్పుడా?"

"పది సెకన్ల పని."

ఆయన గమ్ము పూసి, ముక్కను తీసుకొని నేరుగా కొండకు అదిమినాడు. కొట్టి చూడలా. చెవికి ఆనించలా. ఎస్సై నా వంక చూసింది. ఆమెకు వీడియోలో ఆరో నిమిషం చూపించినాను.

"ఒక్కోసారి కొడతాను, ఒక్కోసారి కొట్టను. అది ఒక ప్రూఫా?" అన్నాడు, నవ్వబోయి.

"కాదు. ప్రూఫు గురించి ఇప్పుడు అడుగుతా. ఈ లైవులో రంగు వేసిన ముసలమ్మ ఇప్పుడు యాడుంది?"

"గిద్దలూరులో."

"గిద్దలూరులో యాడ?"

"నా గదిలో, నా బల్ల మీద. మంగళవారం నించి అక్కడే ఉంది."

"రాసుకున్నారా మేడం?"

"రాసుకున్నా" అనింది ఎస్సై.

వీడియోను ముందుకు జరిపి, అరవై ఎనిమిదో నిమిషం కాడ ఆపి ఎలీషబాకు చూపించినాను. ఆ పిల్ల తన పని తెర మీద చూడటం అదే మొదటిసారి. ఆమె చేతిలో ఉండేది బటన్ల ఫోను.

నోరు తెరిచి అట్లనే చూస్తా ఉండిపోయింది. "పిన్నీ, ఇది మా అవ్వ."

"ఎవరు?"

"మా నాయనమ్మ, దానమ్మ. గడ్డం మీద మూడు పచ్చబొట్లు ఉండేటియి ఆమెకు. ముసలమ్మ బొమ్మ వచ్చినప్పుడల్లా మొహం ఆమెదే వేస్తా. సూడు, ఆకుపచ్చ చుక్కలు పెడతా ఉండా."

తెర మీద వెంట్రుకంత బ్రష్షు ముసలమ్మ గడ్డం మీద వరసగా మూడు చుక్కలు పెట్టింది. పదిన్నరకు మొదలైన వీడియోలో అరవై ఎనిమిదో నిమిషం అంటే పదకొండూ ముప్పై ఎనిమిది.

ఎలీషబా పని బల్ల మీది నలభై బొమ్మల్లో కెమెరా కింద, సరిగ్గా చేతులుండే చోట ఒకటి విడిగా ఉంది. భూతద్దం పెట్టి చూసినాను. ముడతల మొహం, కట్టెలమోపు, గడ్డం మీద మూడు పచ్చబొట్లు. కాళ్ల కింద అదే పలకముక్క. భూతద్దం ఎస్సైకి ఇచ్చినాను. ఆమె చూసి, తన ఫైలులోంచి మంగళవారం పన్నెండూ ముప్పై ఐదుకు తీయించిన ఫొటో బయటికి తీసింది. అందులో గూడ అదే చోట అదే ముసలమ్మ.

"రాఘవయ్య సార్, మీరు లెక్కల్లో గట్టి గదా, మీరే చెప్పండి. పదకొండూ ముక్కాలుకు గిద్దలూరులో రంగు ఆరని బొమ్మ, పన్నెండూ ముప్పై ఐదుకు మార్కాపురంలో ఈ బల్ల మీదికి ఎట్ల వచ్చింది? యాభై నిమిషాల్లో ఎగిరొచ్చిందా? ఒంటిగంటా పదికి గదికి సీలు పడింది. ఈయన కారు వచ్చింది ఒకటీ యాభైకి."

రాఘవయ్య ఫొటో చూసినాడు. బొమ్మ చూసినాడు.

"అట్లాంటివి రెండు చేసినా. ఒకటి అక్కడుంది, ఒకటి ఇక్కడ..." అన్నాడు చంద్రశేఖరరావు.

"భేష్. ఇంటికి వీడియో కాల్ చేయి. అక్కడున్నది చూపించమను. ఇప్పుడే, మా ముందరే."

ఆయన ఫోన్ తీసినాడు, మళ్లీ దించినాడు. గోడ అవతల పాలిష్ మిషను తిరగతానే ఉంది.

"సరే" అన్నాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నా. పడలా. భుజాలు ఎగరేసినాడు. "చేతులు ఎలీషబావి, గొంతు నాది. కెమెరా ఇక్కడ, నేను గిద్దలూరులో. బిజినెస్సులో అందరూ చేసేదే. ఇంగ్లీషు రాని పిల్లను చూపిస్తే ఎవరు కొంటారు? నా మొహం, నా మాట, నా బ్రాండు. ఇది నేరమా?"

నేను ఇరవై తొమ్మిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసినాను. దొంగలను చూసినాను, హంతకులను చూసినాను. ఇంత కోపం ఎప్పుడూ రాలా.

"ఒరే! మూడేళ్లుగా ఆ పిల్ల చేతులు వాడుకున్నావు. వాళ్ల అవ్వ మొహం అమ్ముకున్నావు. చర్మం కనపడితే నీ గుట్టు బయటపడుద్దని ఎండాకాలంలో గ్లౌజులు తొడిగించినావు. అంతా చేసి, నీ మీదికి వచ్చేసరికి ఆ చేతులనే చూపించి 'నేను లైవులో ఉన్నా' అంటివి. లైవులో ఉన్నది ఆ పిల్లరా! పదిన్నర నించి పదకొండూ ముక్కాలు దాకా కుర్చీలోంచి లేవలేదని నాలుగువేలమంది చూసినారు. నీ సాక్ష్యమే ఆ పిల్లకు సాక్ష్యం. నీకేముంది?"

ఎలీషబాకు అప్పుడు అర్థమైంది. "అన్నా, లైటు ఎలిగినప్పుడల్లా అందరూ చూస్తా ఉండేటోళ్లా? నీకు తెలిసి గూడ, నేను అబద్ధమాడతా ఉన్నా అంటా ఉంటే ఊరుకున్నావా?" అని అడిగింది. గొంతు పెంచలా. ఆయన కొండ వంక చూస్తా నిలబడినాడు.

రాఘవయ్య చివరి ప్రయత్నం చేసినాడు. "ఆ పిల్ల కాదనుకుందాం. అంతమాత్రాన ఈయన కొట్టినట్టా? గొంతు గిద్దలూరు నించి వచ్చింది. గంటా పావూ మాట్లాడతానే ఉన్నాడు."

"మాట్లాడతానే ఉన్నాడని మీకెట్ల తెలుసు? మీరు చూసింది మొదలు, చివర."

ముందుకు జరుపుతా పోయినప్పుడు నాకు ఒక చోట అనుమానం తగిలింది. ముప్పై తొమ్మిదో నిమిషంలో, అంటే పదకొండూ తొమ్మిదికి, గొంతు ఆగిపోతుంది. మళ్లీ పదకొండూ పదహారుకు వస్తుంది. మధ్యలో ఏడు నిమిషాలు సంగీతం, చేతులు. ఫోన్ స్పీకరులో అంతకు మించి ఏమీ తెలియలా.

"మేడం, ఇయర్‌ఫోన్లు ఉన్నయా?"

ఎస్సై జేబులోంచి తీసింది. ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో. సౌండు పూర్తిగా పెంచినాను.

ఇంగ్లీషులో "ఒక్క నిమిషం ఫ్రెండ్స్" అన్నాడు. మైకు ఆపినా అనుకున్నట్టుంది. కారు తలుపు వేసిన చప్పుడు. అడుగులు. ఆ తర్వాత సంగీతం కింద సన్నగా గుర్రుమంటా ఒక మోత మొదలైంది. నా రెండో చెవిలో, గోడ అవతల నించి, అదే మోత ఇప్పుడు గూడ ఇనపడతా ఉంది. పాలిష్ మిషను.

అప్పుడు లక్ష్మీనరసయ్య గొంతు. దూరం నించి, కానీ ప్రతి మాటా తెలుస్తా ఉంది.

"రా శేఖరూ, కూసో. ఆదివారం బెంగళూరులో ఆ కొండ కింద ఉండే పేరు నీది కాదు. ఎలీషబాది. కార్డులు అచ్చుకు ఇచ్చొచ్చినా. నేనే వచ్చి అందరి ముందర చెప్తా."

"పెదనాయనా, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?"

"ఇన్నాళ్లూ నేను కళ్లు మూసుకున్నా. అది నా తప్పు. ఆ పిల్ల నాయన నా ఫ్యాక్టరీ దుమ్ములోనే ఊపిరి పోగొట్టుకున్నాడురా. బిడ్డ పేరు గూడ మనమే మింగాల్నా?"

తర్వాత మాటల్లేవు. ఒక కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఒక దెబ్బ. ఇంకొకటి. ఏదో బరువుగా పడింది.

తెర మీద ఆ క్షణాన నల్ల గ్లౌజుల చేతులు ముసలమ్మ కంట్లో తెల్లచుక్క పెడతా ఉన్నయి. తలుపు అవతల తన కోసం మాట్లాడిన మనిషి పడిపోతా ఉంటే, ఆ పిల్ల ఊపిరి బిగబట్టి కన్ను దిద్దతా ఉంది. చెయ్యి ఒక్క ఇసుమంత వణకలా. ఆమెకేం తెలుసు!

పదకొండూ పదహారుకు మళ్లీ గొంతు వచ్చింది. కొంచెం ఆయాసం. ఇంగ్లీషులో "సారీ ఫ్రెండ్స్, నెట్‌వర్క్ ప్రాబ్లం" అని, ఎవరో అడిగిన దానికి నవ్వినాడు గూడ.

ఎస్సై పెన్ను తీసి టైం రాసుకుంది. "ఇంకోసారి పెట్టండక్కా" అనింది.

వెనక్కి జరిపినాను. తెర నల్లబడింది. 'ఈ వీడియో ఇప్పుడు లేదు' అని వచ్చింది. మళ్లీ నొక్కినాను. అదే.

తల ఎత్తి చూస్తే చంద్రశేఖరరావు గోడకు ఆనుకొని ఉన్నాడు. వేలు ఇంకా ఫోను మీదే ఉంది. మొహంలో అందాక లేని నిదానం.

"ఏమైంది పిన్నీ, నెట్‌వర్క్ లేదా?" అన్నాడు.

ఆ ఫోనుతో వాడి పళ్లు రాలగొట్టాలని అనిపించింది. రాఘవయ్య గొంతు సవరించుకొని, "వీడియో లేకపోతే ఆధారం లేదు. కోర్టు ఒప్పుకోదు" అన్నాడు. ఎలీషబా ఎవరి మొహం చూడాలో తెలియక నా కొంగు పట్టుకుంది.

"మీరేదో విన్నామని భ్రమపడుతున్నారు" అన్నాడు చంద్రశేఖరరావు ఎస్సైతో. "నాలుగువేలమంది మొదటి నించి చివరిదాకా విన్నారు మేడం. అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా. నిజంగా ఏదన్నా ఉంటే ఒక్కరన్నా అడగరా? ఒక్క కామెంటన్నా పెట్టరా?"

ఎస్సై రాజ్యలక్ష్మి చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి, చుట్టి, జేబులో పెట్టుకుంది. ఆయన దగ్గరికి పోయి చేతిలోని రెండు ఫోన్లూ తీసుకుంది.

"వాళ్లకు తెలుగు రాదు. మాది ఈ పక్కనే, కొనకనమిట్ల. నాకొచ్చు. నడువు."